మద్దిలేటయ్య గారి ఓటర్ల జాబితా

మొన్న ఓటు వేయడానికి వెళ్లినప్పుడు, బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడు నా చీటీ మీద నంబరు చూసి, తల ఎత్తకుండానే నా ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని సిరా పూశాడు. సిరా చల్లగా తగిలింది. వెనకే సన్నగా ఒక ఘాటు వాసన ముక్కుకు తాకింది. అంతే, నేను కర్నూలు పాత ఊళ్లో, ఒక చేత్తో గొడుగూ ఇంకో చేత్తో కాగితాల సంచీ పట్టుకుని ముందు నడుస్తున్న ఒక పొట్టి మనిషి వెనక పరుగులాంటి నడకతో పోతున్నాను. ఆయన పేరు మద్దిలేటయ్య. పురపాలక సంఘంలో వార్డు గుమాస్తా. ఆయన పేరు ఏ శిలాఫలకం మీదా లేదు, ఏ పత్రికలోనూ రాలేదు. అందుకే నేనిప్పుడు రాస్తున్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. ఇళ్లు చాలక సర్కారు కచేరీలు గుడారాల్లో నడిచేవి. మధ్యంతర ఎన్నికలు వస్తున్నాయని ఓటర్ల జాబితా సరిచేసే పని మొదలైంది. మగవాళ్లు గుమ్మంలో నిలబడి అడిగితే ఆడవాళ్లు జవాబు చెప్పరు కదా, ఒక ఆడమనిషి కావాలని మా మునిసిపల్ బాలికల బడికి కబురు వచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఒక్కేళ్లు. కమలాపురం నుంచి వచ్చి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కూడా కాలేదు. బళ్లో అందరికంటే చిన్నదాన్ని, ఎదురు చెప్పలేనిదాన్ని కాబట్టి ఆ పని నా మెడకు చుట్టారు.

మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "నీ పేరేందమ్మా?" అని అడిగాడు మద్దిలేటయ్య గారు.

"కమలాపురం యోహాను మాస్టారి కూతుర్నండీ" అన్నాను.

"మీ నాయన పేరు నేనడగలేదు. ఆయన ఓటు కమలాపురంలో ఉండాది. నీ పేరు చెప్పు."

"రూతమ్మ" అన్నాను.

"ఇనపల్లేదు."

మళ్లీ చెప్పాను. "ఇంగా గట్టిగా చెప్పల్ల. బళ్లో పిల్లోళ్లకు ఇట్లే పాఠం చెప్తాండావా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈసారి కచేరీలో ఉన్న నలుగురు గుమాస్తాలూ తిరిగి చూసేటంత గట్టిగా చెప్పాను. ఆయన తృప్తిగా తల ఆడించి గొడుగు తీసుకున్నాడు.

పని మొదలుపెట్టే ముందు నన్ను కొండారెడ్డి బురుజు దగ్గరకు తీసుకుపోయి, గొడుగుతో ఊరంతా చూపించాడు. "ఆ పక్క నవాబుల కాలం నుంచి ఉండే సాయిబుల ఇండ్లు. చర్చి వెనక మీవాళ్లు. ఆ పొగగొట్టం కనపడతాంది చూడు, నూనె మిల్లు, దాని చుట్టూ పత్తికొండ పక్క నుంచి కరువుకు వచ్చి ఈడే నిలిచిపోయినోళ్లు. అదో, ఆ గుడారాల్లో మొన్న వచ్చిన కోస్తా గుమాస్తాలు. వీళ్లందరూ కలిస్తే ఒక నియోజకవర్గం. ఒకరి ఇంట్లో ఒకరు తినరు, ఒకరి మాట ఒకరికి నచ్చదు, గాని ఎన్నిక నాడు అందరి కాగితాలూ కలిపే లెక్క పెడతారు." ఆయన రోజూ చూసే ఊరే అది. అయినా పెళ్లివారికి ఇల్లు చూపిస్తున్నంత సంబరంగా చూపించాడు.

ఓటు చరిత్ర కూడా ఆయన అట్లాగే చెప్పేవాడు, నడుస్తూ, మధ్యమధ్య ఎవరినో పలకరిస్తూ. తెల్లవాళ్ల కాలంలో ఓటంటే ఆస్తి ఉన్నవాళ్లకూ, పన్ను కట్టేవాళ్లకూ మాత్రమే. "మా వీధిలో ఓటు ఉన్నాయన ఒక్కడే. ఆయన ఓటేసి వస్తాంటే మేమంతా పెండ్లికొడుకును చూసినట్ల చూస్తాంటిమి. మా నాయన ఆ ముచ్చట తీరకుండానే పోయినాడు. ఇప్పుడు మిల్లు షావుకారుదీ ఒకటే, ఆయన మిల్లులో చెనక్కాయలు ఏరే ఆమెదీ ఒకటే. ఈ మాట తల్చుకుంటే నాకు నడ్చేటప్పుడు కాళ్ల నొప్పి తెల్దు" అనేవాడు. నా కాళ్ల నొప్పి మాత్రం నాకు బాగానే తెలిసేది.

ఆ మొదటి రోజే నేను తప్పు చేశాను. మిల్లు వీధిలో ముప్పై ఇళ్లు ఒక్కదాన్నే తిరిగి, ఎవరు ఏం చెబితే అది చక్కటి దస్తూరీతో రాసుకుని వచ్చాను. గానుగ రామన్న భార్య. పెద్ద ఈరన్న తల్లి. బండి ఖాసిం కోడలు. ఆ కాలంలో ఆడవాళ్లు బయటివాళ్లకు తమ పేరు చెప్పుకోవడం మర్యాద కాదనుకునేవాళ్లు, ఇక భర్త పేరు నోటితో పలకడమైతే పాపమే. మద్దిలేటయ్య గారు నా జాబితా చదువుతూ ఉంటే మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీసి నా చేతిలో పెట్టాడు.

"వీండ్లందరినీ కొట్టేయి" అన్నాడు.

"ఎందుకండీ? వాళ్లు చెప్పిందే రాశాను."

"పోయిన ఎన్నికలప్పుడు ఇట్లే రాసిరి. పేరు లేని మనిషికి ఓటు లేదని పైనుంచి హుకుం వచ్చె. పెండ్లాం అనేది పేరు కాదు, తల్లి అనేది పేరు కాదు. ఒక్క గీతతో ఊళ్లో ఆడోళ్లు శానామంది పోయిరి. నువ్వే కొట్టేయమ్మా, ఆ గీత గీస్తే ఎట్ల ఉంటాదో చేతికి తెలియల్ల."

నేను గీయలేకపోయాను. మర్నాడు ఆ ముప్పై ఇళ్లకూ మళ్లీ వెళ్లాను. ఈసారి ఆయన వెంట వచ్చి, వీధి మొగదల గొడుగు వేసుకుని నిలబడ్డాడు. ఆయన పెట్టిన నియమం ఒకటే: ఆమె పేరు ఆమె నోటితో చెప్పాలి. భర్త పేరుకు మాత్రం ఒక దారి కనిపెట్టాడు. పక్కింటామె చెప్పవచ్చు. పక్కింటామెకు అది భర్త పేరు కాదు కాబట్టి పాపం అంటదు. ఈ ఏర్పాటు ఆడవాళ్లకు ఎంత నచ్చిందంటే, రెండు రోజుల్లో అది ఆటగా మారింది. ఒకామె గుమ్మంలోకి రాగానే చుట్టుపక్కల నలుగురు చేరి ఆమె భర్త పేరు కోరస్‌గా అరిచేవాళ్లు. ఆయన పేరుతో పాటు ఆయన గురక సంగతీ, సోమరితనమూ కూడా చెప్పేవాళ్లు. వాటికి నా పట్టికలో గడి లేదని చెప్పవలసి వచ్చేది.

ఒక ఇంట్లో ముసలామె ఉండేది. ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్లు. పేరు అడిగితే కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. కోడళ్లకూ తెలియదు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు ఆలోచించింది. "మా యమ్మ పిలుస్తాండె. ఆమె పోయినాక ఎవరూ పిలవలేదు" అంది. మేము కదలకుండా నిలబడ్డాం. చివరికి, "గోవిందమ్మ" అంది, అని తనే ఫక్కున నవ్వింది. "నేను గోవిందమ్మను గదా, మర్సేపోతి." ఆ సాయంత్రం మేము ఆ వీధిలోంచి తిరిగి వస్తుంటే ఆమె మనవడు గుమ్మంలో గంతులు వేస్తూ గోవిందమ్మా, గోవిందమ్మా అని పిలుస్తున్నాడు, ఆమె ప్రతిసారీ పలుకుతోంది. మద్దిలేటయ్య గారు కళ్లజోడు తుడుచుకుంటూ దుమ్ము ఎక్కువగా ఉందన్నాడు. ఆ రోజు గాలే లేదు.

పని అయిపోవస్తున్నా ఆయన సొంత వీధి మాత్రం మిగిలే ఉంది. రేపు అని ఒకసారి, ఎల్లుండి అని ఒకసారి తప్పించుకుంటున్నాడు. ఇంకా రెండు రోజులే గడువుందనగా నేనే వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి కొర్రన్నం, చెనక్కాయల చట్నీ పెట్టింది. తిన్నాక జాబితా తీసి, "పెద్దమ్మా, మీ పేరు చెప్పండి" అన్నాను.

"చెప్పను" అంది ఆమె, ఇంకాస్త చట్నీ వేస్తూ. "పోయినసారి ఆయప్ప రాసినాడు గదా, అదే ఉండనీ."

అప్పుడు తెలిసింది నాకు. మొదటి ఎన్నికలకు ఈ వార్డు జాబితా రాసింది మద్దిలేటయ్య గారే. అందరికీ రాసినట్టే తన ఇంటికి వచ్చేసరికి మద్దిలేటి భార్య అని రాసి ఊరుకున్నాడు. ఓటు నాడు ఆమె పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుని, వీధి ఆడవాళ్లందరినీ వెంటేసుకుని పోయింది. గుమాస్తా భార్య కదా, అందరికీ ముందు నిలబడింది. జాబితాలో నువ్వు లేవమ్మా అని అందరి ముందరా వెనక్కి పంపారు. ఆమె వెనక వచ్చిన వాళ్లనూ పంపారు. "ఆ చీర మళ్లీ కట్టలే" అంది. ఆ తర్వాత ఆమె ఆయనతో నేరుగా మాట్లాడటం మానేసింది. ఏదన్నా చెప్పాలంటే పిల్లికి చెప్పేది, ఆయన పిల్లి నుంచి వినేవాడు. ఆ మనిషి ఊరంతా తిరిగి ఆడవాళ్ల పేర్లు ఎందుకంత పట్టుదలగా అడుగుతున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఈసారి కూడా ఆమె పేరు లేకుండా జాబితా పైకి పోతే, మిగతా వార్డంతా సరిగ్గా రాసినా ఆయనకు రాసినట్టు కాదు.

గడువు చివరి రోజు పొద్దున ఆయన నన్ను వెంటబెట్టుకుని తన వీధికి వచ్చాడు. తన ఇంట్లోకి పోలేదు. బయట నిలబడి, అన్ని ఇళ్లకూ కొట్టినట్టే గొడుగు కర్రతో తలుపు కొట్టి, "అమ్మా, ఈ ఇంట్లో ఓటరు పేరు చెప్పల్ల" అన్నాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి, ఆమె బయటికి రాలేదు. పిల్లి మాత్రం బయటికి వచ్చి ఆయన కాళ్లకు రుద్దుకుంది.

"పోయినసారి రాసింది నేనే" అన్నాడాయన, తలుపుతో. "ఆయమ్మ పేరు నాకు తెలుసు. పెండ్లినాడే తెలుసు. రాయకపోయింది నా తప్పు. ఈ వీధిలో అందరికీ చేసిన తప్పు అది. అందరి ముందరా చెప్తాండా."

తలుపు జానెడు తెరుచుకుంది. "ఓబులమ్మ. రాసుకోమను" అంది లోపలినుంచి.

నేను రాయబోతే ఆయన నా చేతిలోంచి కలం తీసుకుని తనే రాశాడు. ఆ తర్వాత పాపం, నియమం నియమమే కాబట్టి, "భర్త పేరు?" అని అడిగాడు. వీధంతా విరగబడి నవ్వింది. "పక్కింటామెను అడగమను" అంది ఓబులమ్మ గారు. పక్కింటి మాబున్నీ మహా ఉత్సాహంగా చెప్పింది.

ఎన్నిక నాడు నన్ను ఆడవాళ్ల పోలింగు కేంద్రంలో బల్ల దగ్గర వేశారు. అప్పట్లో ఒక్కొక్క అభ్యర్థికీ గుర్తు అతికించిన వేరే పెట్టె ఉండేది, తెర వెనక్కి పోయి నచ్చిన పెట్టెలో చీటీ వేయాలి. పదిగంటలకు ఓబులమ్మ గారు వచ్చింది, ఆ చీర కట్టుకునే. వెనక మాబున్నీ, మిల్లు వీధి ఆడవాళ్లూ, ఇద్దరు కోడళ్ల భుజాల మీద చేతులు వేసి గోవిందమ్మ అవ్వ. నేను జాబితాలో పేరు చదివి, "భర్త పేరు?" అన్నాను. అలవాటుగా మాబున్నీ నోరు తెరిచింది. అక్కడ కూర్చున్న ఒక ఏజెంటు లేచి, పక్కవాళ్లు చెబితే కుదరదు, ఆమే చెప్పాలి, లేకపోతే పంపించెయ్యండి అన్నాడు. పై అధికారి నా వైపు చూశాడు. రూలు ప్రకారం అతని మాట తప్పు కాదు.

ఓబులమ్మ గారి మొహం చూడలేకపోయాను. ఆమె ఏటా మద్దిలేటి స్వామి తిరునాళ్లకు పోయే మనిషి. భర్త పేరు అని ఆ దేవుడి పేరు కూడా పలకకుండా, కొండకాడి సామి అనేది. పెళ్లైనప్పటి నుంచి ముప్పై ఏళ్లుగా ఆమె నోట ఆ పేరు రాలేదు.

ఆమె కొంగు భుజం మీద సరిచేసుకుని, ఏజెంటు వైపు తిరిగి, "మద్దిలేటి" అంది. కచేరీలో నా చేత మూడుసార్లు చెప్పించిన మనిషికైనా సరిపోయేంత గట్టిగా అంది. తర్వాత వేలు చాచింది. నేను సిరా పూసి చీటీ ఇచ్చాను.

మధ్యాహ్నం నేను బయటికి వచ్చేసరికి మద్దిలేటయ్య గారు దూరంగా ఎండలో, గొడుగు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన గొడుగు చంకలోంచి తీసి నేలకు ఆనించాడు. తర్వాత, "ఎట్ల చెప్పిందీ?" అని అడిగాడు. చెప్పి చూపించాను. "ఇంగొకసారి చెప్పమ్మా" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఆ ఎండలో నా చేత నాలుగుసార్లు చెప్పించుకుని, చిన్నపిల్లవాడిలా నవ్వుకుంటూ ఇంటికి పోయాడు. ఆమె ఆ పేరు మళ్లీ ఎప్పుడూ పలకలేదట. కానీ ఆ రోజు నుంచి పిల్లికి పని తప్పింది.

గెలిచింది ఎవరో, ఓడింది ఎవరో ఇప్పుడు నాకు సరిగా గుర్తు లేదు. రాజధాని హైదరాబాదుకు పోయింది, గుడారాలు లేచిపోయాయి, నియోజకవర్గం హద్దులు ఎన్నిసార్లు మారాయో. నేను మాత్రం ప్రధానోపాధ్యాయురాలినై దిగిపోయేదాకా, బళ్లో చేర్చడానికి పిల్లను తీసుకొచ్చిన ప్రతి తల్లినీ ముందు ఆమె పేరు అడిగాను. తల్లి పేరుకు పట్టికలో గడి లేని రోజుల్లో పక్కన ఖాళీలో రాశాను. తనిఖీకి వచ్చినవాళ్లు ఇదేమిటని అడిగితే మా గుమాస్తా గారి పద్ధతి అనేదాన్ని.

మొన్న సిరా పూసిన కుర్రవాడు నా పేరు అడగలేదు. నంబరు చాలు కదా ఈ రోజుల్లో. వేలు ఆరబెట్టుకుంటూ రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాను. "బాబూ, నా పేరు రూతమ్మ" అన్నాను. గదిలో ఉన్నవాళ్లంతా తలెత్తి చూసేటంత గట్టిగానే అన్నాను.