అక్కకీ నాకూ మధ్య ఆగిన ఫోకస్

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. హాస్టల్లో అందరూ దుప్పట్లు కప్పుకుని వణుకుతూ వినే కథల్ని కూడా నేను ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, పేజీలు తిప్పుకుంటూ వినేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదాన్ని దయ్యం అనడానికి ఈ రోజుకీ నాకు మనసొప్పదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఎం.ఎస్. చదివే రోజుల్లో నేను శాన్ రామన్‌లో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండేదాన్ని. నలుగురిలో మాట్లాడాలంటే నాకు బిడియం. చేతిలో కెమెరా ఉంటే మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరని ఒక ఫంక్షన్లో కనిపెట్టాను. అప్పుడే లెన్స్ మార్చుకునే డీఎస్ఎల్ఆర్ కెమెరా కొనాలనిపించింది.

"ఫోన్ ఉండగా ఇదెందుకే?" అన్నారు అందరూ. కొత్త కెమెరా జోలికి పోకుండా లెన్స్ లేని పాత బాడీ ఒకటి తీసుకుని, మిగిలినదాంతో మంచి ఫిఫ్టీ ఎం.ఎం. లెన్స్, పైన తగిలించుకునే ఫ్లాష్ కొన్నాను. ఆ లెన్స్‌కి జూమ్ ఉండదు. మనిషి దగ్గరగా కనబడాలంటే మనమే దగ్గరకి నడవాలి. అది నాకు మంచిదే అయింది.

ఆ ఏడాది గుంటూరు నుంచి అమ్మమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ వంటింటి కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నేను ఎదురుగా కూర్చుని ఫోటోలు తీసేదాన్ని. వెలుగు తగ్గితే లెన్స్‌కి ఫోకస్ దొరకదు. ముందుకీ వెనక్కీ గిరగిరా తిరిగి ఊరుకుంటుంది. దానికి స్పష్టమైన అంచో, మెరిసే చుక్కో కావాలి. నేను అమ్మమ్మ ముక్కుపుడక మీద గురిపెట్టేదాన్ని. వెంటనే పట్టుకుని బీప్‌మనేది.

"ఏమే, ఆ డబ్బా కూతపెట్టేదాకా నేను ఊపిరి తీసుకోకూడదా?" అనేది.

ఫ్లాష్ సూటిగా కొడితే, "కళ్ళు పోతాయే తల్లీ! ఆ మెరుపేదో పైకి చూపించు" అని కసిరేది. ఫ్లాష్‌ని సీలింగ్ వైపు తిప్పితే వెలుగు మెత్తగా కిందికి దిగుతుందని నేను ఏ వీడియోలోనూ నేర్చుకోలేదు. ఆవిడ తిట్లతో నేర్చుకున్నాను.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ కూతురు స్రవంతి అక్కకి కడుపు పోయింది. అక్క ఎవరితోనూ మాట్లాడేది కాదు. తిరుగు ప్రయాణమయ్యేదాకా అమ్మమ్మ అక్క గదిలోనే పడుకుంది. గుంటూరు వెళ్ళిన మరుసటి ఏడు అమ్మమ్మ పోయింది.

తర్వాత కొంతకాలానికి అక్కకి మళ్ళీ నెల తప్పింది. ఈసారి ఫోటోలు వద్దంది. దిష్టి తగులుతుందని పైకి చెప్పేది గానీ, అసలు సంగతి నాకు తెలుసు. పోయినసారి పొట్ట కనబడేలా తీయించుకున్న ఫోటోలు ఇంకా ఆమె ఫోన్లోనే ఉన్నాయి. వాటిని చూడలేదు, తీసేయనూ లేదు.

సీమంతం అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, మధ్యాహ్నం పూట జరిగింది. అక్క మాట ప్రకారం నేను వచ్చినవాళ్ళనే తీశాను. అందరూ అక్షింతలు వేసి, గాజులు తొడిగి, భోజనాలకి పక్క గదిలోకి వెళ్ళారు. అక్షింతల పళ్ళెం ఎవరో తీసి దూరంగా తలుపు దగ్గర బల్ల మీద పెట్టారు. కుర్చీలో అక్క ఒక్కతే మిగిలింది. నన్ను పిలిచింది.

"ఒక్కటి తియ్యవే. జస్ట్ వన్. బాగా రాకపోతే మళ్ళీ అడగొద్దు. ఇంకోసారి కూర్చునే ధైర్యం లేదు నాకు."

ఫ్లాష్ పైకి తిప్పి, ఫోకస్ పాయింట్ అక్క కంటి మీద పెట్టి బటన్ సగం నొక్కాను. బీప్‌మంది. తీశాను. స్క్రీన్ మీద అక్క ముఖం మసకగా ఉంది. మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే.

ఆ లెన్స్ మీద దూరం చూపించే చిన్న అద్దం ఉంటుంది. అందులో చూస్తే ఫోకస్ అక్కకంటే మూరెడు ఇవతలే ఆగి ఉంది. కెమెరా దించి చూశాను. మా ఇద్దరి మధ్యా ఏమీ లేదు. అంచో, మెరిసే చుక్కో లేనిచోట లెన్స్ తిరుగుతూనే ఉండాలి, ఆగకూడదు.

"ఏంటే, పెద్ద ఫోటోగ్రాఫర్‌నన్నావ్?" అంది అక్క.

"లైట్ అడ్జస్ట్ చేస్తున్నా. కదలకు."

మూడోసారి నొక్కే క్షణంలో అక్క తల వంచింది.

"కదలొద్దన్నానా! తలెందుకు వంచావ్?"

"అక్షింతలు వేస్తుంటే వంచనా మరి?"

"ఎవరు?"

అక్క నా వైపు చూసింది. తర్వాత గదంతా చూసింది.

నేను ఆటోఫోకస్ ఆపేసి, రింగ్ చేత్తో తిప్పుకుని ఇంకొకటి తీశాను. అది చక్కగా వచ్చింది.

ఇంటికొచ్చి అన్నీ కంప్యూటర్లో పెద్దవి చేసి చూశాను. మూడో ఫోటోలో వంచిన అక్క తల మసకగానే ఉంది. దానికి ముందు, గాల్లో, పసుపు కలిపిన బియ్యపు గింజలు కొన్ని. విరిగిన గింజ ఏదో, నిండు గింజ ఏదో తెలిసేంత స్పష్టంగా ఉన్నాయి. ఆమె జుట్టులోంచి రాలాయనుకుందామంటే, అవి తలకంటే పైన ఉన్నాయి. లెన్స్ వాటినే పట్టుకుందనుకుందామంటే, మొదటి రెండు ఫోటోల్లో అసలు గింజలే లేవు. లెన్స్ చెడిపోయిందేమోనని షాపులో చూపించాను. ఏ లోపమూ లేదన్నారు. సీమంతం రోజు దానితోనే తీసిన మిగతా ఫోటోలన్నీ బాగున్నాయి. షాపు నుంచి వచ్చిన రాత్రి డైరీలో ఇదంతా రాసి, చివర కారణం రాద్దామని కాస్త చోటు వదిలాను. అది ఖాళీగానే ఉంది.

అక్కకి ఆ మూడో ఫోటో, చివరిదీ పంపాను. చక్కగా వచ్చినదే ఉంచుకుంటుందనుకున్నాను. మసకదాన్ని ప్రింట్ చేయించి హాల్లో పెట్టుకుంది. పాప పుట్టాక చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ ఫ్రేమ్ దగ్గర ఆగి, "అయ్యో, అవుటాఫ్ ఫోకస్ అయిందే!" అంటుంటారు.

"లేదండీ, కరెక్ట్‌గానే వచ్చింది" అంటుంది అక్క, పాపని భుజం మార్చుకుంటూ.

తీసిన మనిషిని నేనే కాబట్టి వాళ్ళు నా వైపు తిరుగుతారు. నేను ఫ్లాష్ పైకి తిప్పి, పాప వైపు కెమెరా ఎత్తుతాను.