నల్లదారం పెట్టిన పేజీ

మొన్న ఆదివారం ప్రార్థనకు బయలుదేరే ముందు మా మనవరాలు నా పాత బైబిలు దులుపుతూ, అందులోంచి వేలాడుతున్న దారాలు చూసి, "అమ్మమ్మా, గీ కచ్రా అంతా తీసెయ్యనా?" అని అడిగింది. గబుక్కున పుస్తకం లాక్కుంటే దారాలన్నీ జారి కింద పడ్డాయి. పిల్ల బిత్తరపోయింది. నాకు నా పేరులోని అక్షరాలు తప్ప మరేమీ రావు. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నది కూడా ఆ పిల్లే, సంఘంలో తెలుగు నేర్చుకుంది. అందుకని ఆ దారాల సంగతి దాని చేతనే రాయిస్తున్నాను.

ఊరు వదిలి మేము వలస వచ్చిన ఉధ్నాలో, మరమగ్గాల కార్ఖానాలో నా పెనిమిటి మగ్గం నడిపేవాడు, ఆ మగ్గాలకు అందించే కండెలకు నేను దారం చుట్టేదాన్ని. ఊపిరితిత్తులు చెడి ఆయన పోయాక, చిన్న బిడ్డతో నాకు మిగిలింది ఆ పని, పని ఉన్నన్నాళ్ళు ఉండమని కార్ఖానావాళ్ళు ఇచ్చిన ఒక గది. మనిషి పోయిన దిగులులో, మన తెలుగువాళ్ళు నలుగురు కూడే ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాను. పాస్టరమ్మ ఒక వాక్యం చదివేది, నేల మీద కూర్చున్న మేమంతా నోటికి వచ్చేదాకా ఒకరి తర్వాత ఒకరం చెప్పేవాళ్ళం. మళ్ళీ ఆ పేజీ దొరకాలి కదా, చదువు లేనిదాన్ని ఏం చేసేది? కార్ఖానాలో పారేసే దారం ముక్కలు తెచ్చి పెట్టుకునేదాన్ని. కాపరి గొర్రెలను కాసే కీర్తనకు పచ్చది, యేసుప్రభువును సాతాను శోధించిన చోట ఎర్రది, అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్న ఆజ్ఞకు నల్లది.

నాకు ఎదురు మగ్గం మీద మా జిల్లా మనిషే ఒకాయన ఉండేవాడు, నన్ను వదినా అనేవాడు. నేను లోపల్లోపల వాక్యం చెప్పుకుంటూ పెదవులు కదిపితే చాలు, మగ్గాల చప్పుడును మించి అరిచేవాడు. "ఏం వదినా, ఇయ్యాల నీ యేసయ్య వచ్చి కండెలు చుట్టిపోతడా ఏంది?" అందరూ నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అటువంటి మనిషి కుడిచేతి వేళ్ళు మూడు ఒకరోజు మగ్గం బెల్టులో పోయాయి. ఆ బెల్టు మీది మూత ఊడదీసి వారమైంది, బిగించమని ఆయన అడగడమూ నేను విన్నాను.

మర్నాడు మధ్యాహ్నం పనివాళ్ళ మీది ముకాదం నా గదికి వచ్చాడు, ఆయనా మనవాడే. "అక్కా, గాయన తాగొచ్చిండని కాగితం మీద అంగూఠా ముద్ర పెట్టు, చాలు. గది నీదే ఉంటది, ఖాళీ చెయ్యమనేటోడు ఉండడు. జర బిడ్డ మొఖం చూడు," అన్నాడు. చూశాను. అదే జరిగిన తప్పు.

ఆయన వెళ్ళాక ఎర్రదారం పేజీ తెరిచాను. ప్రభువు నలభై దినాలు ఉపవాసముండి ఆకలిగొన్నాకనే ఆ శోధకుడు వచ్చాడు, కడుపు నిండి ఉన్ననాడు రాలేదు. నా గుమ్మంలోకీ అట్లాగే వచ్చాడు కదా అనిపించింది. అయినా మనసు గది వైపే గుంజింది. అప్పుడు నేనొక పిచ్చి పని చేశాను. నల్లదారం పీకి కిటికీలోంచి పారేశాను. దారం లేకపోతే ఆ పేజీ నాకు దొరకదు, దొరకకపోతే ఆ ఆజ్ఞ నన్ను అడగదు అనుకున్నాను.

పొద్దున ఆఫీసులో సిరా డబ్బీ ముందుకు జరిపారు. బొటనవేలు అద్దాను కూడా. నల్లగా మెరుస్తున్న ఆ వేలును చూస్తుంటే, పేజీలో లేని దారం వేలికి చుట్టుకున్నట్టే ఉంది, నోటికి వచ్చిన ఆజ్ఞ గొంతులో తిరుగుతోంది. కాగితం చదివి వినిపించమన్నాను. విన్నాక చెయ్యి చీరకు తుడుచుకున్నాను.

"నేను చూసింది మూత లేని బెల్టు. తాగినోన్ని చూడలే. గది గావాల్నంటే తీసుకోండ్రి," అన్నాను.

తీసుకున్నారు. వారంలోగా బిడ్డను నడిపించుకుంటూ, ట్రంకుపెట్టె మీద బైబిలు పెట్టి నెత్తిన మోసుకుంటూ బయటికి వచ్చాను. పాస్టరమ్మ ఇంటి వరండాలో కొన్నాళ్ళు ఉండి, సలాబత్‌పురా దుకాణాల చీరలకు దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకుని బిడ్డను పెంచాను. అయితే నా వేలిముద్ర లేక ఆ కాగితం ఉత్తదే అయిపోయింది, వేళ్ళు పోయినాయన వైద్యం కార్ఖానాయే చేయించాల్సి వచ్చింది, ప్రతి బెల్టుకూ మూత బిగించారు. ఇది చెప్పేటప్పుడు ఈ వయసులో కూడా నా నడుము నిటారవుతుంది.

కొన్ని నెలలకు ఆయన వరండా మెట్ల దగ్గరికి వచ్చాడు. దారం పారేసిన సంగతి అంతకుముందే నేను ఆయన భార్యతో చెప్పుకుని ఏడ్చాను. నల్లదారం ఒకటి నా ముందు పెట్టాడు, రెండు ముక్కలు కలిపి ముడివేసింది. మగ్గం మీద రెప్పపాటులో కనిపించని ముడి వేసిన మనిషి, ఎడమచేత్తో, పళ్ళతో వేసిన ముడి అది, చింతగింజంత ఉంది. "ప్రార్థనకైతే నేను రాను వదినా, ముందే చెప్తున్న. ఇది మాత్రం నీ పుస్తకంల పెట్టుకో," అన్నాడు.

ఇప్పుడు మా సంఘంలో గోడ మీద పెద్ద తెర ఉంది, ఫోను నొక్కితే వాక్యం అదే చదువుతుంది. మంచిదే, నా చెవులకు సుఖమే. కానీ ఒకరి నోట తప్పితే ఇంకొకరు అందించుకుంటూ నేర్చుకున్న ఆ ఆడవాళ్ళు ఇక లేరు, ఆ నేల మీది చాపా లేదు. అందుకే పిల్ల చేత ఆ ముడి తడిమించాను. పచ్చది, ఎర్రది తనే సర్ది పెట్టింది. ఆ ఆజ్ఞ పుస్తకంలో రెండు చోట్ల ఉందట, నల్లది ఎక్కడ పెట్టాలో తెలియక నా వైపు చూసింది. ఏళ్ళ తరబడి తెరిచి చేతికి అలవాటైన ఆ పేజీని చదువు రాని నేనే తెరిచి ఇచ్చాను.