అందరిదీ ఒకటే టైము

ఆ రోజుల్లో అమీర్‌పేటలో కాపురముండి కంప్యూటర్ కోర్సులో చేరకపోవడమంటే, పెళ్లింటికి వెళ్లి భోజనం చేయకుండా తిరిగి రావడమే. గోడల మీద, మెట్ల మీద, కరెంటు స్తంభాల మీద ఎక్కడ చూసినా కోర్సుల పేర్లే. అలాంటి చోట పిన్ని వాళ్లింట్లో ఉంటూ నేను డిగ్రీలో సైకాలజీ చదువుతున్నాను. బాబాయి రోజూ టిఫిను దగ్గర, "ఏంటమ్మా, చదువయ్యాక ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలోనేనా?" అని అడిగేవారు (డాక్టరుగానా, పేషెంటుగానా అన్నది మాత్రం ఎన్నడూ తేల్చి చెప్పలేదు). చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పంజాగుట్టలో మా కాలేజీ మేడం నడిపే పరిశోధన కేంద్రంలో నేను నిలదొక్కుకుంటే సరే, లేదంటే మర్నాడే వీధి చివర జావా క్లాసులో చేరిపోవాలి.

కేంద్రమంటే ఒక మేడ మీద రెండు గదులు. లేనివాళ్ల పిల్లలకూ ఉన్నవాళ్ల పిల్లలకూ చదువులో తేడా ఎక్కడ మొదలవుతుందో కనుక్కోవడం మా పని. నాతోపాటు చేరిన క్లాస్‌మేట్‌ను అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. మా ఇద్దరికీ తలో స్టాప్‌వాచ్ ఇచ్చారు (దాన్ని మెళ్లో వేసుకుని నేను కూరగాయలకు కూడా వెళ్లేదాన్ని). పిల్లలు చెక్కముక్కలు పేర్చి ఏనుగును తయారు చేయాలి, అయిపోగానే చెయ్యెత్తాలి, మేం టైము రాసుకోవాలి. "వాళ్లు చేస్తుంటే గుచ్చిగుచ్చి చూడకండి, బెదిరిపోతారు" అని మేడం ఆజ్ఞ. మేం స్టాప్‌వాచూ, పైకి లేచే చేతులూ తప్ప మరేదైనా చూస్తే ఒట్టు.

అమీర్‌పేట ప్రైవేటు బడిలో పిల్లలు బస్సు ఆపుతున్నట్టు ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. బోరబండ సర్కారు బడిలో మాత్రం చాలాసేపు ఎవరూ ఎత్తలేదు, ఎత్తినప్పుడు అందరూ ఒక్కసారే ఎత్తారు. ఆ టైములు రాసుకొచ్చి గర్వంగా మేడం ముందు పెట్టాం.

"అందరిదీ ఒకటే టైమా? ఏ ఇరానీ హోటల్లో కూర్చుని రాశారు ఇది?"

భాయ్ మొహం పాలిపోయింది. "కసమ్ మేడం! మేం పోయినం. పిల్లలను సుత అడుగుండ్రి."

"రేపు నేనే వస్తాను. అబద్ధమని తేలితే ఇద్దరూ మళ్లీ ఈ మెట్లెక్కొద్దు."

ఇంటికి వెళ్లేసరికి బాబాయి జావా క్లాసు కరపత్రం శ్రద్ధగా చదువుతున్నారు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మేడం పిల్లల వెనకాల నిలబడి మరీ చూశారు (ఆవిడ పెట్టిన నియమం ఆవిడకు వర్తించదు). రెండు జడల పిల్ల ఒకతె చకచకా ఏనుగును పేర్చేసింది. వెంటనే దాన్ని రెండు అరచేతులతో కప్పేసి, పక్కనున్న కుర్రాడి వైపు చూస్తూ కూర్చుంది. వాడింకా తొండం ఎక్కడ పెట్టాలా అని వెతుకుతున్నాడు.

"అయిపోయిందిగా, చెయ్యెత్తవేమ్మా?" అన్నారు మేడం.

"జర ఆగు మేడం. గీ బుడ్డోనిది ఇంక కాలే. అందరివి అయినంకనే ఎత్తాలె, మా సార్ చెప్పిండు."

సార్ సిగ్గుపడుతూ దగ్గరికొచ్చారు. "మూడు తరగతులకు నేనొక్కన్నే మేడం. అయినోళ్లు అయినట్టు లేస్తే ఆపుడు నాతోని కాదు." అదీ సంగతి. పిల్లలు సార్ మాట జవదాటలేదు, మేం మేడం మాట జవదాటలేదు. అందుకే ఏనుగు ఎప్పుడో తయారైనా మాలో ఒక్కరూ చూడలేదు.

మేడం పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, "ఇవాళ ఎవరికోసమూ ఆగొద్దు" అని చెప్పి, తానే స్టాప్‌వాచ్ నొక్కారు. రెండు జడల పిల్ల ముగించగానే వాచీ పాడైందేమోనని ఊపి చూశారు. అమీర్‌పేట పిల్లలకు వీళ్లు ఏమాత్రం తీసిపోలేదు, కొందరైతే వాళ్లను దాటేశారు. ఆఖరున బుడ్డోడు తొండం తగిలించేసరికి కిటికీ దగ్గర మూగిన బడంతా చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం.

"చెప్పినం గద మేడం! మస్తు హుషారు పిల్లలు!" అన్నాడు భాయ్, వాళ్లను తానే కన్నంత గొప్పగా.

మేడం మా ఇద్దరి వైపూ తిరిగి, "మీరు రాసింది నిజమే. తొందరపడ్డది నేను" అన్నారు. ఆ తర్వాత మాసబ్ ట్యాంక్‌లోని సర్కారు ఆఫీసుకు వెళ్లిన నివేదికలో బోరబండ పిల్లలు మందకొడి అన్న మాట లేదు. ఒకరికోసం ఒకరు ఆగుతారని ఉంది. కింద ఆవిడ పేరు పక్కన మా పేర్లూ ఉన్నాయి.

మేడం తప్పు ఒప్పుకున్న ఆ సాయంత్రమే బస్సు దిగి, కోర్సుల బోర్డుల మధ్యనుంచి తల ఎత్తుకుని ఇంటికి నడిచాను. "బాబాయ్, నేను జావా నేర్చుకోను" అని గుమ్మంలోంచే ప్రకటించాను. ఆయన కథంతా విని, "అయితే మందకొడి మీ ఇద్దరేనన్నమాట" అని కరపత్రం మడిచి, గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్క కింద పెట్టారు. నాకు ఆవగింజంత కోపం కూడా రాలేదు. తర్వాత ఇదే పనిలో చాలా ఏళ్లు గడిపాను, పెద్దవాళ్ల మెప్పూ కొంత పొందాను. కానీ ఆ సాయంత్రం నడిచినంత దర్జాగా మళ్లీ ఎన్నడూ నడవలేదు. అలా నడిచిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.