ఏబీసీడీలకి దండం

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో నాకు అప్పజెప్పిన ఉద్యోగం ఒక్కటే, నాలుగేళ్ళ మనవరాలి చేత ఏబీసీడీలు దిద్దించడం. కూతురూ అల్లుడూ చెరో గదిలో తలుపులేసుకుని మీటింగుల్లో ఉంటారు. చుక్కల అక్షరాలున్న కాగితాలు కట్టలకొద్దీ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టారు. పిల్ల మొదటి రోజే మార్కర్‌తో కాగితం దాటి సోఫా మీదికి వెళ్ళిపోయింది. ఇలా కాదని స్టీలు పళ్ళెంలో బియ్యం పోసి, దాని వేలు పట్టుకుని అందులో దిద్దించాను. మేమంతా అలాగే మొదలుపెట్టాం, ఎవరమూ చెడిపోలేదు.

ఒకరోజు కింద పడ్డ కాగితాలు తొక్కుకుంటూ పరిగెత్తింది. నాకు ఒళ్ళు మండింది. అక్షరమంటే సరస్వతి, కాలు తగలకూడదు, తగిలితే చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలని గట్టిగా చెప్పాను. ఇంగ్లీషు అక్షరం కూడానా అని అడిగింది. సరస్వతికి ఇంగ్లీషు కూడా వచ్చన్నాను. నేనేం చెప్పినా సగమే వినే పిల్ల, ఈ మాట మాత్రం పూర్తిగా వింది.

ఇక చూడాలి తమాషా. డెలివరీ అట్టపెట్టెకి కాలు తగిలితే దండం. పిజ్జా డబ్బాకి దండం. అడుగున అక్షరాలున్న సాక్సులు తొడగబోతే ఏడుపు. పక్కింటి గుమ్మంలో వెల్‌కమ్ అని రాసున్న డోర్‌మ్యాట్‌ని ఒక్క గెంతులో దాటి, తలుపు తీసిన ఆంటీ మీద పడింది. అందరి ముందూ కోప్పడ్డాను కానీ, లోపల నాకు గర్వంగానే ఉంది.

ఆ గర్వం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక సాయంత్రం ప్రీస్కూల్ టీచర్ మా అమ్మాయిని ఆపి, పాపకి అక్షరాలు రావడం లేదని చెప్పిందట. ఆవిడ నేల మీద నీలం టేపుతో పెద్దపెద్ద అక్షరాలు అతికించి, పిల్లల్ని వాటి వెంబడి నడిపిస్తుంది. ముందు కాళ్ళతో దిద్దాలి, తర్వాతే బల్ల దగ్గర చేత్తో. మనది టేపు దాకా వచ్చి చేతులు కట్టుకుని నిలబడుతోందట. స్కూల్లో అసలే నోరు విప్పదు. అందుకని దాన్ని పై క్లాసుకి పంపకుండా ఇదే గదిలో ఉంచుదామంటోంది టీచర్. ఎప్పుడూ దీని చెయ్యి పట్టుకు తిరిగే ఉంగరాల జుట్టు పిల్ల మాత్రం పై క్లాసుకి వెళ్ళిపోతుంది.

"అమ్మా, అసలు దానికేం చెప్పావు?" అంది మా అమ్మాయి. చెప్పాను. తల పట్టుకుని కూర్చుంది.

మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, స్కూల్లో తొక్కినా పరవాలేదని నచ్చజెప్పబోయాను.

"సరస్వతి స్కూల్‌కి రాదా?" అంది.

స్నేహితురాలు లేని ఆ గదిలో ఇది ఒంటరిగా చేతులు కట్టుకుని నిలబడ్డట్టు కళ్ళ ముందు కనిపించి, నాకు నిజంగా భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే అమ్మాయితో పాటు నేనూ స్కూలుకి వెళ్ళాను. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి అల్లుడు కొనిపెట్టిన బూట్లు. గది మధ్యలో నిలబడి, నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని టీచర్‌కి చెప్పడం మొదలుపెట్టాను. మా ఇళ్ళలో అక్షరానికి కాలు తగలనివ్వమనీ, పిల్లది తెలియనితనం కాదు, భక్తి అనీ. చేతులు తిప్పుతూ బాగానే ఉపన్యాసం దంచుతున్నాను. టీచర్ శ్రద్ధగా వింటోంది. పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చుట్టూ చేరారు. ఇంతలో ఎవరో నా కొంగు లాగారు.

"అమ్మమ్మా, నువ్వు ఎమ్ మీద స్టాండ్ చేస్తున్నావు," అంది నా మనవరాలు, గదంతా వినబడేలా.

కుచ్చిళ్ళు ఎత్తి చూసుకున్నాను. రెండు బూట్లూ నీలం టేపు మీదే ఉన్నాయి. కంగారుగా పక్కకి జరిగాను.

"ఇప్పుడు ఎన్ మీద."

ఇంకో అడుగు వేశాను. అది ఓ అట.

టీచర్‌కి తెలుగు రాకపోయినా ఎమ్, ఎన్, ఓ తెలుసు కదా. నన్ను వదిలేసి, మోకాళ్ళ మీద కూర్చుని, దూరంగా ఉన్న ఇంకో అక్షరం చూపించింది. పిల్ల దాని పక్కన చతికిలబడి, టేపు వెంబడి చూపుడువేలితో దిద్ది, పేరు చెప్పి, కళ్ళకద్దుకుంది. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. ఉంగరాల జుట్టు పిల్ల కూడా పక్కనే కూలబడి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టింది. టీచర్ నవ్వుతూ లేచి, పాపని పై క్లాసుకి పంపిస్తానని, ఇక నుంచి చేత్తోనే దిద్దనిస్తానని మా అమ్మాయితో చెప్పింది. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నేను హమ్మయ్య అనుకుని తలుపు వైపు తిరిగాను.

"అమ్మమ్మా, నువ్వు దండం పెట్టలేదు," అంది మనవరాలు.

మోకాళ్ళు అరిగిన మనిషిని. ఒక రెక్క టీచరూ, ఒక రెక్క మా అమ్మాయీ పట్టుకుంటే, పిల్లలందరూ చూస్తూండగా వంగి ఎమ్‌ని తాకి కళ్ళకద్దుకున్నాను. తర్వాత ఎన్‌ని, ఆ తర్వాత ఓని. ఓనమాలు దిద్దిన రోజున కూడా నేను అంత భక్తిగా దండం పెట్టి ఉండను.