తబితా మేడం తేదీ మార్చదు

సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట దాకా సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలకు తబితా గురించి మొట్టమొదట తెలిసే సంగతి, ఆమె మ్యాచ్ తేదీ మార్చదని. వానొచ్చినా, ఎమ్మెల్యే వచ్చినా, క్యాచర్‌కు కాలు బెణికినా మార్చదు. చెప్పిన రోజు మైదానంలో లేని జట్టు ఓడినట్టే.

అది మొండితనం అనేవాళ్లు ఆమెకు ముందున్న లీగ్‌ను చూడలేదు. అది తేదీలు మారీ మారీ చచ్చింది. ఒక ఊళ్లో జాతర, ఇంకో ఊళ్లో పెద్దాయన పుట్టినరోజు, మరో ఊళ్లో కోచ్ మరదలి పెళ్లి. చివరకు ఆడుతున్న ఫైనల్ ఏ ఏడాదిదో ఎవరికీ తెలియకుండా పోయింది. సత్తుపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేరిన తబితా దాన్ని లేపి నిలబెట్టింది. ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్, మగపిల్లలకు బేస్‌బాల్. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని తల్లిదండ్రులు బ్యాట్ గుండ్రంగా ఎందుకుందని అడిగితే ఓపిగ్గా జవాబు చెప్పింది. యూరియా సంచుల్లో వడ్ల ఊక కుక్కి బేస్‌లు కుట్టింది. గ్లవ్స్ ఒక్క జట్టుకే సరిపోతాయి. అందుకని ఫీల్డింగ్ ముగించిన పిల్లలు వాటిని నిలబడ్డ చోటే వదిలి వస్తారు, ఎదుటి జట్టు వచ్చి అవే తొడుక్కుంటుంది. దీన్ని క్రీడాస్ఫూర్తి అంటూ ఒక ముఖ్య అతిథి వేదిక మీద మెచ్చుకుంటే, "గ్లవ్స్ లేక సార్" అని కింద నుంచి అంది తబితా.

తేదీలు వేసేటప్పుడు మాత్రం మహా జాగ్రత్త. ఆదివారం చర్చి, శుక్రవారం నమాజు, రంజాన్ నెల, పరీక్షలు, పత్తి ఏరే రోజులు అన్నీ తప్పిస్తుంది. లంబాడాల తీజ్ పండగను కూడా మరిచిపోలేదు. తమ స్కూల్లో ఆయాగా చేసే సోమ్లిని అడిగింది. సోమ్లి వేంసూరు వైపు తండా మనిషి. ఆమె చెప్పిన రోజులు దాటించి ఆడపిల్లల ఫైనల్‌ను ఒక శనివారానికి పెట్టింది.

అక్కడే పప్పులో కాలేసింది. తీజ్ క్యాలెండర్‌లో ఉండే పండగ కాదు. వానలు, నాట్లు చూసుకుని ఏ తండా నాయక్ ఆ తండాకు రోజు చెబుతాడు. ఊరూరా క్రిస్మస్ ఒకే రోజు రావడం చూస్తూ పెరిగిన తబితాకు, ఒకే పండగ పక్క తండాలో వేరే వారం రావచ్చన్న ఆలోచనే తట్టలేదు.

బుధవారం దేవ్లా బండి మీద స్కూలుకు వచ్చాడు. మొదటిసారి ఫైనల్‌కు చేరిన మరో తండా జట్టులో బంతి విసిరే పిచర్ మంగ్లి. ఆమె తండ్రి ఇతను. వచ్చే ఏడాదికి మంగ్లి వయసు దాటిపోతుంది. లీగ్‌లో ఆమెకు ఇదే ఆఖరు మ్యాచ్.

"మేడం, మా పిల్లలు శనివారం రారు," అన్నాడు కూర్చోకుండానే.

"ఏంది దేవ్లా? ఎవరికన్న జ్వరమా?"

"జ్వరం గాదు. తీజ్ వేసినం."

"తీజ్ అయిపోయింది గదా!"

"వేంసూరు దిక్కు అయింది. మాకాడ నాట్లు లేటయినయ్. నాయక్ మొన్న చెప్పిండు."

తీజ్‌కు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు మూడు పూటలా పాడుతూ నీళ్లు పోస్తారు. ఉప్పూ కారం ముట్టరు. ఆ తండా కట్టుబాటు ప్రకారం పొలిమేర దాటరు. ఎవరి మొలక పచ్చగా లేచింది, ఎవరిది పాలిపోయింది అని తండా అంతా వచ్చి చూస్తుంది. జట్టులో సగం మందికి బుట్టలున్నాయి.

"ఒక్క వారం జరుపు మేడం. పిల్ల మాట్లాడ్తలేదు."

"మంగ్లి ఏమంటది?"

"బుట్ట ఇడువనంటది, ఆట ఇడువనంటది. నడుమ నన్ను సంపుతున్నది."

తబితా నవ్వలేకపోయింది. ఈ ఒక్క తేదీ జరిపితే రేపు జాతరలూ పుట్టినరోజులూ వరస కడతాయి. జరపకపోతే మంగ్లి బంతి ముట్టకుండానే ఓడిపోతుంది, అదీ తన తప్పుకు. సాయంత్రం దాకా ఆలోచించి, తేదీని అట్లాగే ఉంచి మైదానాన్నే తండాకు తీసుకుపోదామనుకుంది. మధ్యాహ్నం నీళ్లు పోశాక మొదలుపెడితే సాయంత్రం నీళ్లలోపు ముగుస్తుంది. దానికి ఎదుటి జట్టు ఒప్పుకోవాలి. ఎదుటి జట్టు అశ్వారావుపేట. దాని కోచ్ ఎబినేజర్.

పామాయిల్ గెలలు మిల్లుకు తోలే ట్రాక్టర్ డ్రైవర్ ఎబినేజర్. తబితా వెళ్లే చర్చికే వెళతాడు. పోయిన ఏడాది చర్చి కూడికలకు పిల్లలు పాటలు పాడాలి, సెమీఫైనల్ తేదీ జరపమని అడిగాడు. తబితా జరపలేదు. అతని జట్టు ఆడకుండానే ఓడింది.

తబితా చెప్పిందంతా అతను ట్రాక్టర్ మీదే కూర్చుని విన్నాడు.

"మన ప్రభువు సభలకు కదలని రూలు తీజ్‌కు కదిలిందా చెల్లె?"

"తేదీ కదల్లేదన్నా. గ్రౌండే కదిలింది. నువ్వప్పుడు గ్రౌండ్ మార్చమని అడగలే."

"అడిగితే మారుస్తుంటివా?"

"లేదు, మార్చకపోయేదాన్ని," అంది తబితా.

ఎబినేజర్ స్టీరింగ్ మీద చరిచాడు. "అబద్ధమన్న చెప్పరాదు? తిట్టేటందుకు వీలుండేది," అని, చివరకు తన కూతురు అక్సాను పిలిచాడు. జట్టు కెప్టెన్ ఆమే. సంగతి విని మూతి విరిచింది.

"పోకపోతే కప్పు మాదేనా మేడం?"

"మీదే."

"ఏం చేసుకుంటం దాన్ని, పప్పు వండుకుంటమా? పోదాం నాన్నా. ఆ మంగ్లి సెమీస్‌ల ఏసిన బంతులు చూసిన. ఒక్కటన్న కొట్టాలె నేను."

శనివారం ట్రాక్టర్ ట్రాలీలో అశ్వారావుపేట పిల్లలు తండాకు దిగారు. చెలకలో ఊక సంచులు పరిచారు. మ్యాచ్ అనుకున్నంత తొందరగా కాలేదు. నడుమ చినుకులు పడ్డాయి, ఒక బంతి కందిచేలో పోయి దొరకలేదు. ఆఖరి ఇన్నింగ్స్‌కు వచ్చేసరికి పరుగులు సమానం. చివరి బ్యాటింగ్ అశ్వారావుపేటది. మూడో బేస్ మీద ఒక పిల్ల నిలబడి ఉంది. అప్పుడు తండాలో పాట మొదలైంది. సాయంత్రం నీళ్ల వేళ.

మంగ్లి బంతి పట్టుకుని తబితా వైపు చూసింది. ఆట నడుమ మైదానం వదిలిన జట్టు ఓడినట్టే. ఆ రూలూ తబితా పెట్టిందే.

తబితా ఎబినేజర్ వైపు చూసింది. అతను తల గోక్కున్నాడు. "నన్నెందుకు చూస్తవ్? బ్యాట్ పట్టుకున్నదాన్ని అడుగు."

అక్సా అప్పటికే గట్టు మీద కూలబడి, చెప్పులు విడిచి, ముల్లు తీసుకుంటోంది. "జల్దీ రాండ్రి. చీకటైతే నాకు బాల్ కనపడదు."

మత సామరస్యం మీద ఇక్కడొక మంచి పేరా రాసుకోవచ్చు. జరిగింది అంత లేదు. అశ్వారావుపేట పిల్లలెవరూ కడవలెత్తలేదు, పాట కలపలేదు. బిస్కెట్లు తిన్నారు, దోమల్ని కొట్టుకున్నారు, ఒకమ్మాయి నిద్ర కూడా పోయింది. వెళ్లిపోదామని మాత్రం ఎవరూ అనలేదు. తబితాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్రాలీ వెనక్కి పోయి ముఖం కడుక్కుని వచ్చింది.

బుట్టకు నీళ్లు పోసి మంగ్లి పరిగెత్తుకుంటూ వచ్చి బంతి అందుకుంది. విసరబోతుంటే అక్సా చెయ్యెత్తి ఆపింది.

"ముందు చేతులు తుడుచుకో! రేపు చేతులు తడిగున్నయ్ అంటే నేనొప్పుకోను."

"నువ్వు కండ్లు తుడుచుకో పో. ఏడ్చేటిది నువ్వే," అంది మంగ్లి. అయినా రెండు చేతులూ పావడాకు గట్టిగా తుడుచుకుంది.

మొదటి రెండు బంతులూ అక్సా బ్యాట్‌కు అందలేదు. మూడోది లోపలికి తిరగాల్సింది, తిరగలేదు. బ్యాట్‌కు తగిలి రెండో బేస్ మీదుగా పోయింది. మూడో బేస్ మీది పిల్ల హోమ్ ప్లేట్‌కు చేరింది, గెలుపు పరుగు వచ్చింది. మ్యాచ్ అయిపోయింది.

అక్సా కేకలు పెడుతూ చెలకంతా తిరిగింది. ట్రాలీ నిండా ఈలలు.

మంగ్లి పిచర్ నిలబడే చోటే కూర్చుండిపోయింది. తబితా వెళ్లి పక్కన కూర్చుంది. గెలుపోటములు సహజమన్న మాట ఆమె నోటికి రాదు. మంగ్లి కాసేపు ఏడ్చింది, ముక్కు తుడుచుకుంది.

"ఎందుకు తిరగలే మేడం అది?"

"బొటనవేలు ముందే వదిలినవ్."

"లేదు మేడం!"

"వదిలినవ్. ఏదీ, మల్ల ఎయ్, చూపిస్త."

ఎబినేజర్ ట్రాక్టర్ హారన్ మోగించాడు. ఒకసారి మోగించి ఆపేశాడు. తబితా చీర కుచ్చిళ్లు దోపుకుని, క్యాచర్ మాస్క్ లేకుండానే, హోమ్ ప్లేట్ వెనక గొంతుక్కూర్చుంది. వెలుతురు తగ్గుతోంది. మంగ్లి లేచి, బొటనవేలిని బంతి కుట్టు మీద సరిచేసుకుంది.