గొర్రెల మందతో చెప్పిన గొట్టం పాఠం

మా మైక్రోవేవ్ రిలే స్టేషన్‌లో యాంప్లిఫయర్ తలుపు తెరవగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొడుతుంది. దూరం నుంచి నీరసించి వచ్చే సంకేతాలకు బలమిచ్చే శూన్య గొట్టం అందులో ఉంటుంది. ఆ వాసనకు నాకు మా సైన్సు సారు నరసయ్యగారు గుర్తొస్తారు. ఆయనకు జరిగిన అన్యాయం తలపుకొచ్చి వెంటనే ఒళ్లు మండుతుంది.

నిజాం ఏలుబడి చివరి రోజులు. సూర్యాపేట బళ్లో పాఠాలన్నీ ఉర్దూలోనే. గరిడేపల్లి గొర్రెల కాపరి కొడుకును నేను, అర్థం కాకపోయినా బట్టీపట్టి అప్పజెప్పేవాణ్ని. కోదాడ నుంచి వచ్చిన ఈ సారు మాత్రం తలుపు దగ్గరకు వేసి తెలుగులో చెప్పేవారు. ఒకరోజు లాంతరు చిమ్నీకి రాగితీగ చుట్టి తెచ్చారు. యుద్ధమయ్యాక, రేడియో సంకేతాలకు బలమిచ్చే ఇలాంటి కొత్త గొట్టం వచ్చిందని ఏదో పత్రికలో చదివారట.

"రేడియో అల ఈ తీగ వెంట చుట్లు తిరుగుతూ పోతుంది. ఎలక్ట్రాన్లు నడిమధ్య తిన్నగా పోతాయి. అలకేమో వేగమెక్కువ. మరి రెండూ జతగా ఎట్లా నడుస్తయిరా?"

"మా మంద గట్లనే సార్," అన్నాను. "గొర్లు ఉరుకుతయి గని, ఆ చెట్టుకు ఈ చెట్టుకు తిరుగుతయి. మా అయ్య సక్కగ నడుస్తడు. అందరు ఒక్కపారే దొడ్డి జేరుతరు."

"అంతే! అట్లా తోడు నడుస్తూనే ఎలక్ట్రాన్లు తమ బలం కొంత అలకిస్తాయి" అంటూ సారు నన్ను ఎత్తుకున్నంత పనిచేశారు.

కొన్నాళ్లకు తనిఖీకొచ్చిన అధికారి బల్లమీది చిమ్నీ చూసి, ఇదేమిటని నన్నే అడిగాడు. సంబరంగా తెలుగులోనే మంద సంగతి చెప్పేశాను. అతని మొహం ఎర్రబడింది.

"బళ్లో ఈ జంగ్లీ జబానా, ఈ తెలుగా? మాస్టర్, బెత్తం తీసుకో. వీణ్ని కొట్టు. లేకుంటే నీ నౌకరీ ఖతం!"

సారుకు ఇంట్లో పసిపిల్లలున్నారు. ఆ జీతం తప్ప మరో ఆధారం లేదు. "సరిగ్గా చెప్పినోణ్ని ఎందుకు కొట్టాలండీ?" అన్నారాయన. చెయ్యి బెత్తం మీదికి పోలేదు. ఆ సాయంత్రానికే ఉద్యోగం ఊడింది. తోటి మాస్టర్లు ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ పెద్దమనుషుల్ని ఈనాటికీ క్షమించలేదు, క్షమించను కూడా.

ఆయన్ను బస్సెక్కించడానికి అయ్యతో కలిసి మిర్యాలగూడ వెళ్లాను. "ఇగ ఉర్దూ ముట్టను సార్" అన్నాను ఏడుస్తూ.

"భాషేం చేసిందిరా? అదీ బాగా నేర్చుకో. కోపం మాత్రం, పిల్లలతో అర్థం కాకుండానే తలూపించేవాళ్ల మీద పెట్టుకో" అన్నారు. ఆ తర్వాత ఆయన జాడ తెలియలేదు.

ఆ కోపం అలాగే పెట్టుకున్నాను. మొన్న మా శిక్షణ తరగతిలో పాలకీడు నుంచి వచ్చిన అమ్మాయి జవాబు ఇంగ్లీషులో చెప్పలేక తడబడితే, పాఠం చెప్పే ఇంజనీరు పకపకా నవ్వాడు. స్టేషన్ పెద్దగా వెనక కూర్చున్న నేను లేచి అతనిమీద గట్టిగా అరిచాను.

"నువ్వు తెలుగుల జెప్పు బిడ్డా" అన్నాను.

చెప్పింది. ఒక్క ముక్క తప్పులేదు. ఇంజనీరును బోర్డు దగ్గర్నుంచి పక్కకు జరగమని, సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చాను.