ఇంజన్ నీళ్లు కక్కేదాకా

కరెంటు పోయి వచ్చింది. డైరీ ఫార్మ్ అనే మా పేటలో మా ఆఫీసు ఒక్కటే గది. చేపల వేటకెళ్లిన డింగీ పడవలకు గాలి హెచ్చరికలు పంపే సర్వరు అందులోనే ఉంటుంది. దాన్ని చూసుకునేది నేను. ఆ మధ్యాహ్నం పెద్దగాలి లేస్తోందని కబురొచ్చింది, వెంటనే పంపాలి. మా తమ్ముడు సముద్రం మీదున్నాడు.

మెసేజ్ సర్వీసేమో లేస్తోంది, పడిపోతోంది. డింగీల నంబర్లన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. అదింకా కళ్లు నులుముకుంటుండగానే ఇది వెళ్లి నంబర్లివ్వమంటుంది. జవాబు రాకపోతే ఆగిపోతుంది.

"దీదీ, డేటాబేస్ చాలూ హో గయా. గ్రీన్ కనిపిస్తోంది గదా, మెసేజ్‌ది జల్దీ కొట్టెయ్" అన్నాడు పక్క సీటాయన. అప్పటికే రెండుసార్లు తనే కొట్టాడు. ఇంకోసారి పడితే సిస్టమ్ మొండికేసి ఇక లేపనంటుంది. నాకు ఒళ్లు మండింది.

"చెయ్యి తియ్ భయ్యా! ఇంజన్ చప్పుడైతే చాలు, లంగరెత్తేస్తారేటి?"

మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇంజన్ అందుకున్నాక పక్క గొట్టంలోంచి దాన్ని చల్లబరిచే నీళ్లు కక్కాలి, అప్పుడే లంగరు మీద చెయ్యి వెయ్యాలి. నాన్న బతికున్నన్నాళ్లూ తమ్ముడికీ నాకూ అదే పాఠం. లేవడం వేరు, పనికి సిద్ధమవడం వేరు.

అన్నీ ఆపేశాను. డేటాబేస్ ఒక్కదాన్నే లేపి, తమ్ముడి డింగీ నంబరు అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. కిటికీ పైన రేకు టపటపా కొట్టుకోవడం మొదలైంది. మరదలు ఫోన్ చేస్తే ఎత్తలేదు. "దీదీ..." అన్నాడాయన. "నోర్ముయ్!" అన్నాను, పాపం. ఏడుపు తన్నుకొస్తున్నా చేతిని మాత్రం మెసేజ్ సర్వీసు బటన్ మీదికి పోనివ్వలేదు.

నంబరు వచ్చింది. అప్పుడు మెసేజ్ సర్వీసు లేపాను. ఈసారి నిలబడింది. హెచ్చరిక వెళ్లింది.

చీకటి పడకముందే డింగీలన్నీ జెట్టీకి చేరాయి. మావాడు అందరికంటే ఆఖర్న వచ్చాడు, వల సముద్రంలోనే కోసి వదిలేసి, తడిసి ముద్దయి. వాణ్ణి చూడగానే ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"ఆకాశం అంత నల్లబడితే కళ్లు కనబడ్లేదేట్రా? నాన్నయితే అప్పుడే తిరిగొచ్చీవోడు కాదా?"

"కనబడింది అక్కా" అన్నాడు వాడు, వణుకుతూ. "అప్పటికింకా నువ్వు పంపలేదు గదా. గాలుంటే మా అక్క పంపుతాదని చెప్పి, అందరిచేతా వల దింపించేసినాను."